మలీద తిన్నోళ్లు

జూలై 1, మంగళవారం

గేటు దగ్గర బోర్డు మీద ఒక అబద్ధం ఉంది. కాకతీయుల రాకుమార్తె ఒకామె ఈ చెరువులో జలకాలాడి, ఒడ్డున ఉన్న బండ మీద కూర్చుని జుట్టు ఆరబెట్టుకునేదట. అందుకే దానికి రాణిబండ అని పేరట. రిసార్టు పేరు కూడా అదే. ఆధారం ఏమిటని యజమాని శోభారాణిని అడిగాను. హైదరాబాద్ డిజైనర్ రాసిచ్చిండన్నా, మంచిగ లేదా అన్నది. బాగుంది అన్నాను. ఆధారం అన్నచోట ‘డిజైనర్’ అని రాసుకున్నాను.

వచ్చిన పని ఆదివారం అనుబంధానికి కవర్ స్టోరీ. ఊరి తిండి, ఊరి కథలు, సెలవుల్లో బస. వారమంతా ఇక్కడే. క్రైమ్, కోర్టులు, కలెక్టరేట్ చూసినవాడిని కాటేజీలో పడుకోబెట్టి చేపల పులుసు మీద రాయమంటున్నారు. నాకు అభ్యంతరం లేదు. పులుసైనా హత్యైనా పద్ధతి ఒకటే. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎలా.

అనుబంధం చూసే అఖిల్ బయల్దేరేముందు ఒక మాటన్నాడు. అన్నా, నీ కాపీ పంచనామా లెక్క ఉంటది, ఈసారన్న జర విశేషణాలు పడనియ్ అని. కుర్రాడు. విశేషణం మీద కేసు వేస్తే నిలబడదని ఇంకా తెలియదు.

పరకాల రోడ్డు మీద వచ్చి, మోదుగులకుంట ఊరు దాటితే రిసార్టు. బ్రోషర్‌లో ‘ట్రాపికల్’ అనే మాట ప్రతి పేజీలో ఉంది. కొబ్బరి చెట్లు కోనసీమ నుంచి లారీలో వచ్చాయి. ఇంకా కర్రల ఆసరా మీదే నిలబడి ఉన్నాయి. కాటేజీలు శుభ్రంగా ఉన్నాయి. ఏసీ పనిచేస్తోంది. చెరువు నిజమైనది.

మధ్యాహ్నం భోజనంలో సర్వపిండి. మెనూలో దాని పేరు తెలంగాణ పిజ్జా. పచ్చిపులుసును చిన్న గాజు గ్లాసులో వెల్‌కం డ్రింక్‌గా ఇచ్చారు. రెండూ రుచిగా ఉన్నాయి, పేర్లే తినలేకపోయాను.


జూలై 2, బుధవారం

పొద్దున పడవ ఎక్కాను. నడిపేది ఉప్పలయ్య. యాభై దాటిన మనిషి. నారింజ రంగు లైఫ్ జాకెట్, దాని మీద రిసార్టు పేరు. ఇదివరకు ఇదే చెరువులో వల వేసేవాడు, ఇప్పుడు టూరిస్టులను తిప్పుతున్నాడు. ఏది నయం అని అడిగాను. చాపలైతే ఫొటోలు దియ్యుమని సతాయించయి సారూ అన్నాడు.

రాణిబండ చూపించమన్నాను. తెడ్డు ఎత్తి చూపించాడు. బండ కనపడదు. దాని మీద చెక్కలు పరిచి యోగా డెక్ కట్టారు. రాణిబండని మీరంటాన్రు, మాకైతే అది పీరీలబండ అన్నాడు.

పీర్లు అంటే మాకు కొత్త కాదు. అరచేతి ఆకారపు కంచు పంజాలు, గడ కర్రలు, వాటికి చుట్టిన రంగురంగుల దట్టీలు. మొహర్రంలో తురకలూ హిందువులూ కలిసి ఎత్తుతారు. కాశిబుగ్గలో మా ఇంట్లో మాత్రం ఎత్తం. మా గల్లీలో కొందరు అది తగదని కూడా అంటారు. ఆ వాదంలో నేను లేను. నేను రాసుకునేవాణ్ని.

ఉప్పలయ్య చెప్పిన కథ ఇది. అతని ముత్తాత వల వేస్తే బరువుగా తగిలింది. చేప అనుకుని లాగితే కంచు పంజా. చేపలు పడక, తిండి లేక నీరసించి ఉన్న మనిషి. దాన్ని తీసి ఈ బండ మీద పెట్టి కూలబడ్డాడు. ఊళ్లో పీర్ల కొట్టం చూసుకునే ముజావర్ ఇంట్లో నుంచి మలీద, అంటే బెల్లం కలిపిన రొట్టె ముద్ద, తెచ్చి తినిపించారు. తిన్నాక లేచి, పంజాను భుజాన వేసుకుని ఊళ్లోకి నడిచాడు. అప్పటి నుంచి పెద్దపీరును ఎత్తేది వాళ్లింటి మనిషే. పండుగ ఆఖరి రోజు పీర్లన్నీ కొట్టం నుంచి బయల్దేరి, ఇదే బాటన వచ్చి, ఈ బండ మీద స్నానం చేసి సల్లబడతాయి.

ఈసారి ఆ బాటకు అడ్డంగా గేటు ఉంది. పోయినేడు దాకా గోడ పూర్తి కాలేదు. ఇప్పుడు అయింది. ఆదివారం పండుగ ఆఖరి రోజు.

మేడం ఏమన్నదని అడిగాను. తార్‌రోడ్డు మీద నుంచి సుట్టు తిరిగి అవుతలి ఒడ్డుకు పోన్రి, ట్రాక్టర్ పెడ్త, షామియానా ఏస్త అన్నదట. నువ్వేమన్నావ్ అని అడిగాను. నేనేమంట సారూ, నౌకరి మేడందాయె, భుజమేమో పీరీదాయె అన్నాడు.


అదే రోజు, సాయంత్రం

వంట చేసేది బేగం బీ. ముజావర్ వలీ భార్య. వలీకి మోకాళ్ల నొప్పి. కొట్టం తాళం, మలీద పని, ఇల్లు అన్నీ ఈమె మీదే. అరవై ఉంటాయి. ఆపా అని పిలిస్తే, నువ్వు గా కాశిబుగ్గ సాంచల వలీమియా మనుమడివేనా తమ్మీ, ముక్కు గట్లనే ఉన్నది అని అడిగింది. నేను ఆ వలీమియా మనుమణ్ని కాదు, మాకు మరమగ్గాలూ లేవు. కాదని రెండుసార్లు చెప్పాను. ఒప్పుకోలేదు.

కథ ఈమె చెప్పగా కూడా విన్నాను. ఆమె కథలో పంజా ఎక్కడుందో వలీ ముత్తాతకు కల వచ్చింది. చేపలాయన పోయి తీసి ఇచ్చాడు, అంతే. ఉప్పలయ్య కథలో కల లేదు. ఈ తేడా చెబితే బేగం బీ నవ్వింది. వాళ్లు వల గురించి జెప్తరు, మేం కల గురించి జెప్తం, గది గూడ తెల్వకుంట పేపరెట్ల రాస్తానవ్ అన్నది.

రెండు కథలూ కలిసేది ఒక్క చోటే. నీళ్లలో నుంచి పంజా తీసిన మనిషి ఆకలితో ఉన్నాడు. అతనికి మలీద పెట్టారు. తిన్నాడు, నడిచాడు. అందుకని ఇక్కడ ఒక రివాజు ఉంది. వేరే ఊళ్లలో నేను వినలేదు. మలీద అమ్మరు. పెడితే కాదనరు. తిన్నోళ్లు పీరీ ఎంబడి నీళ్ల దాకా నడవాలె. చిన్నోడైనా, పెద్దోడైనా, దారిన పోయేటోడైనా.

రాసుకున్నాను. బాక్స్ ఐటమ్‌కు పనికొస్తుంది.


జూలై 3, గురువారం

ఇవాళ శోభారాణి వైపు విన్నాను. రెండో వైపు వినకుండా కాపీ రాయను.

హనుమకొండలో వాళ్లది కిరాణా హోల్‌సేల్ కుటుంబం. బెల్లం, కుడుకలు, ఊదు. పీర్ల పండుగ వచ్చిందంటే తను బడి నుంచి రాగానే దుకాణంలో కూర్చుని ఊదు పొట్లాలు కట్టేదట. నాకు పీరీల సంగతి తెల్వదనుకుంటాన్రా అన్నా అని అడిగింది. అనుకోవడం లేదు.

ఆమె కష్టం ఇది. రిసార్టు మొదలైనప్పటి నుంచి శని, ఆదివారాలు తప్ప గదులు నిండటం లేదు. హైదరాబాద్‌లో ఒక టూర్ కంపెనీ ఏడాది పొడుగునా గెస్టులను పంపుతానంటోంది. వాళ్ల మనిషి రమ్య, ఇంకో ఇద్దరు శనివారం వచ్చి ఆదివారం సాయంత్రం దాకా ఉండి చూసుకుంటారు. వాళ్ల బ్రోషర్‌లో పెద్ద అక్షరాల్లో రాసేది ఒకటే మాట. నిశ్శబ్దం. అదే రోజు, అదే గేటులో నుంచి డప్పులు వస్తే ఒప్పందం పోతుంది. ఒప్పందం పోతే దసరా దాకా కూడా రిసార్టు నడవదు. ఒక్క ఏడు అన్నా, ఒక్క ఏడు రోడ్డు మీంచి పోతే పీరీలు అలుగుతయా అన్నది.

పట్టా చూపించింది. స్థలం ఆమెదే. కాగితాలు సరిగా ఉన్నాయి. బాట కాగితంలో లేదు.

అక్కడితో ఆగితే బాగుండేది. రమ్యకు లోకల్ ఫుడ్ కావాలట. స్వీట్ ఏమీ లేదని శోభారాణికి మలీద గుర్తొచ్చింది. శనివారం విందులో పెట్టి, బాగుంటే మెనూలో వేద్దామనుకుంది. పేరు కూడా ఆలోచించింది. రాణి లడ్డు.

బేగం బీ అమ్మనన్నది. ఇద్దరూ వంటింట్లో మాట్లాడుకున్నారు. తలుపు తీసే ఉంది. నేను బయట టీ తాగుతున్నాను.

అది అమ్మేది కాదమ్మా అని ఈమె. లడ్డు అమ్ముతలేమా, పాయసం అమ్ముతలేమా అని ఆమె. పాయసం ఎవ్వల్ని ఎంట రమ్మనదమ్మా అని ఈమె. చివరికి శోభారాణి గొంతు పెంచింది. హైదరాబాద్‌లో షెఫ్‌లకు కరువా, సోమవారం నుంచి ఇంకొకర్ని పెట్టుకుంట అన్నది.

బేగం బీ గిన్నెలు కడిగిన చప్పుడు చాలాసేపు వినపడింది.


జూలై 4, శుక్రవారం

బేగం బీ ఒప్పుకుంది.

నమాజు టైముకు ఇంటికి పోయి వచ్చి, నేరుగా శోభారాణి దగ్గరికి వెళ్లిందట. మలీద చేస్తనమ్మా, అమ్మను, పెడ్త అన్నదట. శోభారాణి సంతోషించింది. కాంప్లిమెంటరీ అని రాస్త అన్నది. అంటే ఏందని అడిగింది బేగం బీ. పైసల్ లేకుంట పెట్టుడు. గట్లయితే సరే అన్నది. ఇంకో షరతు పెట్టింది. ట్రేల పెట్టి పంపియ్య, నా చేత్తో నేనే పెడ్త, పెట్టేటప్పుడు చెప్పే మాట చెప్త. శోభారాణి ఇంకా సంతోషించింది. ఇలాంటివి రమ్యకు నచ్చుతాయట. అథెంటిక్ అన్నది.

సాయంత్రం బేగం బీ నా దగ్గరికి వచ్చింది. ఆదివారం గెస్టుల ప్రోగ్రాం ఏంది తమ్మీ, నాకు ఇంగ్లీషు రాదు, జర సదువు అన్నది. రిసెప్షన్‌లో ఇచ్చిన కాగితం చదివి వినిపించాను. పొద్దున యోగా. తర్వాత బోటింగ్. భోజనం. మూడు నుంచి విలేజ్ వాక్. తర్వాత డెక్ మీద టీ. విలేజ్ వాక్ అంటే ఊర్లెకేనా అని మళ్లీ అడిగింది. ఊళ్లోకే అన్నాను. మంచిది అని పోయింది.

ఉజ్మా ఫోన్ చేసింది. సెలవులకు ఒక్కడివే పోయినవ్, చాపల పులుసు ఒక్కడివే తింటానవ్ అని దెప్పింది. పని మీద వచ్చానన్నాను. పని చేసేటోళ్లు బరువు పెరగరన్నది మా ఆవిడ.

నా అంచనా: ఆదివారం గేటు తెరుచుకోదు. పీర్లు తారురోడ్డు మీద నుంచి పోతాయి. ఊరు కొన్నాళ్లు గొణుగుతుంది. తర్వాత అదే బాట అవుతుంది. ఇలాంటివి చాలా చూశాను.


జూలై 5, శనివారం

ఉప్పలయ్య లైఫ్ జాకెట్ విప్పి రిసెప్షన్ కౌంటర్ మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆదివారం డ్యూటీకి రావాలి, పీరును ఇంకెవరైనా ఎత్తుకుంటారు అని మేనేజర్ చెప్పాడట. ఇంకెవరూ ఎత్తరు. ఆ సంగతి మేనేజర్‌కు తెలియదు. మడతపెట్టి, బెల్టులు చుట్టి, జాగ్రత్తగా పెట్టాడు. శోభారాణి దాన్ని చూసి లోపలికి తీసుకుపోలేదు, పక్కకు జరపనూ లేదు.


అదే రోజు, భోజనాల తర్వాత

మలీద చేస్తుంటే చూశాను. గోధుమ రొట్టెలు పెనం మీద నుంచి దించిన వెంటనే చేత్తో నలపాలి. చల్లారితే పొడి అవదు. చెయ్యి కాల్తలేదా ఆపా అని అడిగితే, కాలాలె తమ్మీ, కాలకపోతే అది మలీద గాదు, చపాతీ సూర అన్నది. తర్వాత బెల్లం, నెయ్యి, యాలకులు, సన్నగా తరిగిన ఎండుకొబ్బరి కుడుక. ముద్దలు కట్టింది. కాశిబుగ్గలో బయట చాలాసార్లు తిన్నాను. ఇంత వేడిగా ఎప్పుడూ తినలేదు.

మొదటి ముద్ద రుచి చూసింది శోభారాణి. కొత్త వంట ఏదైనా ముందు తనే తింటుంది. చెయ్యి చాపింది, బేగం బీ పెట్టింది. కళ్లు మూసుకుని తిన్నది. మా దుకాణం బెల్లమేనా అని అడిగింది. ఇంకెక్కడిదమ్మా అన్నది బేగం బీ.

రెండో ముద్ద నాకు. తిన్నాను.

విందుకు గెస్టులందరూ వచ్చారు. రమ్య, ఆమె మనుషులిద్దరు. పుణె నుంచి వచ్చిన ముసలి దంపతులు. సికింద్రాబాద్ నుంచి ఒక కుటుంబం. రమ్యకు ముప్పై ఉంటాయి. ప్రతిదీ ఫోన్‌లో రాసుకుంటుంది. నాకు నచ్చింది. ఇక్కడ నేను కాక రాసుకునే మనిషి ఆమె ఒక్కతే.

చేపల పులుసు అయ్యాక బేగం బీ వచ్చింది. తెల్ల దుపట్టా తల మీద కప్పుకుంది. ఒక్కొక్కరి దగ్గర ఆగి, ముద్ద చేతిలో పెట్టి, ఒకటే మాట చెప్పింది. తెలుగువాళ్లకు తెలుగులో, పుణె వాళ్లకు దక్కనీలో. ఇది అమ్మేది గాదు బిడ్డా, తిన్నోళ్లు రేపు పీరీ ఎంబడి నీళ్ల దాక నడ్వాలె, నడుస్తనంటేనే తిను. పుణె పెద్దాయన మోకాలు చూపించి, ఎంత దూరం అని అడిగాడు. మా ఆయనకూ మోకాళ్లే, ఆయనే నడుస్తడు అన్నది. సరే అని తిన్నాడు. రమ్య తిన్నది. ఎన్నింటికి అని అడిగి, రాసుకుంది. సికింద్రాబాద్ పిల్లలు ఇంకో ముద్ద అడిగారు. ఇంకోటి తింటే రెండుసార్లు నడ్వాలె అన్నది.

అందరూ నవ్వారు. శోభారాణి కూడా. ప్రోగ్రాంలో భాగం అనుకున్నారు.

విలేజ్ వాక్ ఊళ్లోకి పోతుంది. నీళ్లు ఇటు ఉన్నాయి.

నిన్నటి అంచనా మళ్లీ చదివాను. కొట్టెయ్యలేదు. కింద ఒక ప్రశ్నార్థకం పెట్టాను.


జూలై 6, ఆదివారం, పొద్దున

యోగా రద్దు. చినుకులు. రమ్య వరండాలో కూర్చుని, ఇక్కడ ఎంత ప్రశాంతంగా ఉందో అన్నది. ఊళ్లో నుంచి డప్పు సరిచేసుకుంటున్న శబ్దం వస్తోంది. వినపడలేదేమో. వినపడిందేమో.


జూలై 6, సాయంత్రం

గుర్తు మీద రాస్తున్నాను. నోట్‌బుక్‌లో ఒక్క ముక్క లేదు. ఎందుకు లేదో కింద వస్తుంది.

మూడింటికి విలేజ్ వాక్ మొదలైంది. మామూలుగా తీసుకుపోయేది ఉప్పలయ్య. అతను లేడు కాబట్టి నేను తీస్కపోత అన్నది బేగం బీ. శోభారాణికి అభ్యంతరం లేదు. టీ టైముకు తీస్కరా అన్నది. తీస్కొస్త అన్నది ఈమె. అబద్ధం కాదు.

కొట్టం ముందు ఊరంతా ఉంది. గుండం దగ్గర పొగ. పిల్లలు అస్సోయ్ దూలా అని అరుస్తూ చుట్టూ తిరుగుతున్నారు. వలీ గడప మీద కూర్చుని పీర్లకు దట్టీలు కడుతున్నాడు. ఆకుపచ్చ, ఎరుపు, గులాబీ. ఉప్పలయ్య తలంటుకుని, ధోతి కట్టుకుని, చొక్కా లేకుండా నిలబడ్డాడు. జాకెట్ లేకపోతే వేరే మనిషి. పెద్దపీరును వలీ లేపి అతని భుజానికి అందించాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. వల సంగతి, కల సంగతి అక్కడ ఎవరూ ఎత్తలేదు.

నేను ఫోన్ తీశాను, ఫొటోలకు. బేగం బీ వచ్చి నా చేతిలో మట్టి చట్టి పెట్టింది. నిప్పులు, వాటి మీద ఊదు. నేను పేపర్ మనిషిని ఆపా అన్నాను. తిన్నవా లేదా అని అడిగింది. తిన్నాను. ఇగ పట్టు అన్నది. రెండు చేతులా పట్టుకోవలసిన చట్టి. నోట్‌బుక్ జేబులోనే ఉండిపోయింది.

గెస్టులు పీరు వెనక నడిచారు. పుణె పెద్దాయన కర్ర పట్టుకుని, వలీ పక్కన. ఇద్దరి మోకాళ్లూ ఒకే తీరుగా మొరాయించాయి. ఆయనకు తెలుగు రాదు, ఈయనకు మరాఠీ రాదు, దారంతా మోకాళ్ల గురించే మాట్లాడుకున్నారు. రమ్య ముందే చెప్పులు విప్పింది. ఇళ్ల ముందు ఆడవాళ్లు బిందెలతో నీళ్లు తెచ్చి ఉప్పలయ్య కాళ్ల మీద పోస్తున్నారు. డప్పులు పెద్దగానే ఉన్నాయి.

తారురోడ్డు దగ్గర ట్రాక్టర్ ఆగి ఉంది. షామియానా సామాను ఉంది. పీరు అటు తిరగలేదు. నేరుగా గేటు ముందుకు వచ్చి ఆగింది.

గార్డు గెస్టులను గుర్తుపట్టాడు. వాళ్ల కోసం చిన్న తలుపు తీశాడు. రండి సార్, రండి మేడం అన్నాడు. ఎవరూ కదలలేదు. రమ్య గార్డుతో చెప్పింది. మేము ముందు పోకూడదట, పీరు వెనక పోవాలట, పెద్ద గేటు తీయండి అని. గార్డు వాకీటాకీలో మాట్లాడాడు.

శోభారాణి వచ్చింది. పరుగెత్తుకుని రాలేదు, నడిచి వచ్చింది. గేటు ఊచల అవతల నిలబడి ముందు పీరును చూసింది. తర్వాత రమ్యను, చెప్పులు లేని కాళ్లను. తర్వాత ఊదు చట్టి పట్టుకున్న నన్ను. నువ్వు గూడనా అన్నా అన్నది. తిన్న కదమ్మా అన్నాను. 

అప్పుడు బేగం బీ వైపు తిరిగింది. డప్పులు ఆగాయి. వాళ్లంతట వాళ్లే ఆపారు, ఏమంటుందో విందామని. నిన్న నాతోని తినిపిచ్చింది గిందుకేనా అని అడిగింది. నేను తినుమన్ననా అమ్మా, రుచి చూస్తనని నువ్వే చెయ్యి చాపితివి అన్నది బేగం బీ. ఊరు నవ్వింది. ఎవరో ముసలమ్మ వెనక నుంచి, బెల్లం వాళ్ల దుకాణందేనాయె, కాదంటే ఎట్ల అన్నది. మళ్లీ నవ్వారు.

శోభారాణి నవ్వలేదు. వాకీటాకీ గార్డు చేతికిచ్చింది.  ఏం లెక్క వేసుకుందో నాకు తెలియదు, ఊహించి రాయను. ఒకటి మాత్రం చూశాను. వంగి చెప్పుల పట్టీలు విప్పింది. ఒక పట్టీ రాలేదు. కాలితోనే లాగేసింది.

తాళం తనే తీసింది.

రిసెప్షన్ ముందు పెద్ద ఇత్తడి ఉరుళి ఉంది. గెస్టులకు స్వాగతం చెప్పడానికి నీళ్లు పోసి, పూల రేకులు వేసి పెడతారు. దాన్ని ఇద్దరి చేత మోయించి తెప్పించింది. గులాబీ రేకులతో సహా ఆ నీళ్లు ఉప్పలయ్య కాళ్ల మీద పోసింది. ఊదు పొట్లాలు కట్టిన చేతులు. ఎలా పొయ్యాలో ఎవరూ చెప్పలేదు.

కొబ్బరి చెట్ల మధ్య నుంచి, ఈతకొలను పక్క నుంచి పీర్లు వెళ్లాయి. ఒక దట్టీ కొబ్బరి చెట్టు ఆసరా కర్రకు చిక్కుకుంది. వలీ విడిపించకుండా, ఉండనియ్ అన్నాడు. డెక్ దగ్గర ఆగవలసి వచ్చింది. బండ చెక్కల కింద ఉంది. శోభారాణి మేస్త్రీని పిలిచి రెండు చెక్కలు ఊడదీయించింది. ఆ సందులో నల్లటి బండ కనపడింది, తడిగా. పంజాలను అక్కడ కడిగారు. నీళ్లు సందులో నుంచి చెరువులోకి పోయాయి.

అప్పుడు చూశాను. గేటు నుంచి నీళ్ల దాకా పీరు వెనక, చివరి వరుసలో నడిచే వచ్చింది శోభారాణి. టీ టైము అయింది. బేగం బీ అందరినీ టీకి తీసుకొచ్చింది, చెప్పినట్టే.

నా అంచనా తప్పు. కొట్టేస్తున్నాను.


జూలై 7, సోమవారం

బయల్దేరే ముందు రిసెప్షన్‌లో ఆగాను. కౌంటర్ మీద జాకెట్ లేదు. చెరువు మధ్యలో నారింజ రంగు చుక్క కనపడింది.

బేగం బీ సర్వపిండి పొట్లం కట్టి ఇచ్చింది. మలీద అడిగాను. పండుగ ఒడిసింది గదా అన్నది. వలీమియాకు నా సలాం చెప్పు అన్నది. చెప్తానన్నాను.

ఇంటికొచ్చాక ఉజ్మా చొక్కా వాసన చూసింది. ఊదు. రిసార్టులో పని అంటివి అన్నది. పనే అన్నాను.


జూలై 10, గురువారం

కాపీ పంపాను. ఒక్క విశేషణం పెట్టాను. తడి బండ. అఖిల్ ఫోన్ చేసి, గిదొక్కటేనా అన్నా అన్నాడు. అదొక్కటే చూశాను.


జూలై 13, ఆదివారం

అచ్చయింది. అఖిల్ శీర్షిక మార్చాడు. ‘రాణిబండ నీడన పసందైన విందు’. లోపల నా వాక్యాలు ముట్టుకోలేదు. పీర్లబండ అనే మాట నాలుగో పేరాలో ఉంది. రాణి గురించిన వాక్యం పక్కన, ఈ కథకు ఆధారం రిసార్టు డిజైనర్ అని ఉంది. తీసెయ్యనందుకు అఖిల్‌కు థాంక్స్ చెప్పాను. అందరినీ అన్నిటికంటే ఎక్కువ నవ్వించింది అదేనట.

శోభారాణి ఫోన్ చేసింది. డిజైనర్ అలిగిండన్నా అన్నది. అలగనీ అన్నాను. ఒప్పందం సంగతి అడిగాను. సంతకమైందట. రమ్య ఒక మార్పు చేయించింది. నిశ్శబ్దం అన్నచోట, పీర్ల పండుగ రోజు తప్ప అని రాశారు. కాగితం పంపమన్నాను. పంపింది. నిజమే.

మలీద మెనూలో లేదు. అడిగిన గెస్టులకు వచ్చే ఏడు రమ్మని చెప్తున్నారట.


ఆగస్టు 21, గురువారం

శోభారాణి మెసేజ్. అన్నా, వచ్చే ఏడు బుకింగ్ క్యాలెండర్ తెరుస్తానం, పీరీలు గేట్లకెళ్లి వచ్చే తేదీ ఏది, ఆ రోజు ఉంచాలె.

తేదీ అడిగితే నేను ఎప్పుడూ తేదీ చెప్పాను. ఈసారి రాసింది ఇది: నెలవంక కనపడాలె.